షరతు వాక్యాలు, సబ్జంక్టివ్ మూడ్: ‘మూడు రకాల’ సూత్రంపై ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ఇంగ్లీషు షరతు వాక్యాల బోధనలో వాడుకలో ఉన్న ‘మూడు రకాల’ సూత్రం ఎక్కడ ఉపయోగపడుతుందో, ఎక్కడ చాలదో వివరించగలుగుతారు.
• భూతకాల క్రియారూపం కాలాన్ని కాక ఊహను సూచించే సందర్భాలను గుర్తించగలుగుతారు.
• తెలుగు చేదర్థక వాక్యాలను ఇంగ్లీషు షరతు వాక్యాలతో పోల్చగలుగుతారు.
• సబ్జంక్టివ్ నేటికీ అవసరమయ్యే చోట్లను గుర్తించి, సరిగా వాడగలుగుతారు.

1. పరిచయం

‘అలా జరిగితే ఇలా అవుతుంది’ అని చెప్పడం ప్రతి భాషలోనూ ఉంటుంది. వాన పడితే పంట పండుతుంది. డబ్బు ఉంటే ఇల్లు కొంటాం. చదివి ఉంటే పాసయ్యేవాళ్ళం. ఇలాంటి వాక్యాలను ఇంగ్లీషులో కండిషనల్ వాక్యాలు అంటారు. మనం వాటిని షరతు వాక్యాలు అని పిలుచుకుందాం. వీటికి దగ్గరగా ఉండే మరో అంశం సబ్జంక్టివ్ మూడ్. జరిగినదాన్ని జరిగినట్టు చెప్పకుండా కోరిక, ఊహ, సూచన, ఆదేశం వంటి వాటిని తెలిపే క్రియారూపం ఇది.

పాఠశాల స్థాయి నుంచి మీరు ఈ పాఠాన్ని చాలాసార్లు చదివి ఉంటారు. అయినా స్వయంగా వాక్యం రాయవలసి వచ్చేసరికి చాలామంది విద్యార్థులు తడబడతారు. ‘ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ వుడ్ బై ఇట్’ అని రాస్తారు. లేదా ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ మనీ’ అని రాస్తారు. దీన్ని విద్యార్థి అశ్రద్ధగా కొట్టివేయడం తేలిక. కానీ ఒకే రకమైన పొరపాటు ఇంతమంది చేస్తున్నారంటే, పాఠం చెప్పే తీరును కూడా పరీక్షించవలసి ఉంటుంది. ఈ భాగం చేసే పని అదే. ఇందులో కొత్త నియమాల జాబితా ఉండదు. మీకు ఇప్పటికే తెలిసిన నియమాన్ని విమర్శనాత్మకంగా చదవడం ఉంటుంది.

2. ‘మూడు రకాల’ సూత్రం: దాని మేలు

గైడ్లలోను, పాఠశాల వ్యాకరణాలలోను షరతు వాక్యాలను సాధారణంగా మూడు రకాలుగా విభజిస్తారు.

మొదటి రకం: ఇఫ్ తరువాత వర్తమానకాలం, ప్రధాన వాక్యంలో విల్. ఉదాహరణ: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టే ఎట్ హోమ్.’

రెండో రకం: ఇఫ్ తరువాత భూతకాలం, ప్రధాన వాక్యంలో వుడ్. ఉదాహరణ: ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై దట్ హౌస్.’

మూడో రకం: ఇఫ్ తరువాత పాస్ట్ పర్ఫెక్ట్, ప్రధాన వాక్యంలో వుడ్ హావ్. ఉదాహరణ: ‘ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్, ది క్రాప్ వుడ్ హావ్ సర్వైవ్డ్.’

కొన్ని పుస్తకాలు వీటికి ముందు ‘జీరో’ రకాన్ని కూడా చేరుస్తాయి. నీటిని వేడిచేస్తే మరుగుతుంది వంటి సార్వకాలిక సత్యాలలో రెండు వైపులా వర్తమానకాలమే వస్తుంది.

ఈ సూత్రానికి ఉన్న మేలును ముందుగా ఒప్పుకోవాలి. ఇది గుర్తుపెట్టుకోవడానికి తేలిక. పరీక్షలో ఖాళీలు పూరించే ప్రశ్నకు మార్కులు తెచ్చిపెడుతుంది. రోజూ తరగతికి వెళ్ళే వీలులేని మీవంటి విద్యార్థులకు ఒంటరిగా చదువుకునేటప్పుడు ఒక ఆధారంగా నిలుస్తుంది. పైగా ఇందులోని మూడు ఉదాహరణలూ సరైన ఇంగ్లీషే. కాబట్టి ఈ సూత్రం తప్పు అనడం సరికాదు. అది ఏమి చెప్పకుండా వదిలేస్తోంది అన్నదే మన ప్రశ్న.

3. సూత్రం చాలని చోట్లు

3.1 భూతకాలం కాని భూతకాలం

‘రెండో రకం’ అనే పేరును గమనించండి. ఆ పేరులో అర్థానికి సంబంధించిన సమాచారం ఏదీ లేదు. అందులో భూతకాలం ఎందుకు వచ్చిందో సూత్రం చెప్పదు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ’ అనే మాటలు చూసిన విద్యార్థి, హ్యాడ్ భూతకాలం కాబట్టి ‘ఒకప్పుడు నా దగ్గర డబ్బు ఉంటే’ అని అర్థం చేసుకుంటాడు. నిజానికి ఆ వాక్యం ఈ రోజు గురించి. ఇప్పుడు డబ్బు లేదు అన్నది దాని సారాంశం.

ఇంకో వాక్యం చూడండి: ‘ఇఫ్ యు కేమ్ టుమారో, యు వుడ్ మీట్ హిమ్.’ కేమ్ భూతకాల రూపం, టుమారో అంటే రేపు. రేపటికి భూతకాలం ఎలా పొసగుతుంది? ఇక్కడ భూతకాలం గడిచిన కాలాన్ని చెప్పడం లేదు. మాట్లాడే వ్యక్తి ఆ విషయాన్ని వాస్తవానికి కొంత దూరంగా ఉంచుతున్నాడని చెబుతోంది. మీరు వస్తారో రారో, బహుశా రాకపోవచ్చు అనే ధ్వని అందులో ఉంది. డేనిష్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ గత శతాబ్దం తొలి దశాబ్దాలలోనే ఈ ప్రయోగాన్ని వేరుగా గుర్తించి, దాన్ని ఊహను తెలిపే భూతకాలంగా వివరించాడు. హడిల్‌స్టన్, పుల్లమ్ సంపాదకత్వంలో 2002లో వెలువడిన కేంబ్రిడ్జి ఇంగ్లీషు వ్యాకరణం షరతు వాక్యాలను మూడుగా కాక ప్రధానంగా రెండుగా చూస్తుంది: జరిగే అవకాశాన్ని తెరిచి ఉంచేవి, వాస్తవానికి దూరంగా ఉంచేవి. ఈ భాగంలో మనం వీటిని ‘తెరిచిన షరతు’, ‘దూరపు షరతు’ అని పిలుద్దాం.

ఈ తేడా కేవలం పండితుల చర్చకు సంబంధించినది కాదు. ఒక ఉద్యోగ సందర్భాన్ని ఊహించుకోండి. జీతం గురించి మీరు సంస్థకు ఉత్తరం రాస్తున్నారు.

(అ) ‘ఇఫ్ యు రెయిజ్ ది శాలరీ బై 2,000 రుపీస్, ఐ విల్ జాయిన్ ఆన్ మండే.’
(ఆ) ‘ఇఫ్ యు రెయిజ్డ్ ది శాలరీ బై 2,000 రుపీస్, ఐ వుడ్ జాయిన్ ఆన్ మండే.’

మొదటిది మాట ఇవ్వడం. వాళ్ళు జీతం పెంచితే సోమవారం మీరు చేరి తీరాలి. రెండోది ఎదుటివారి మనసు తెలుసుకోవడానికి వేసిన మాట. అందులో మర్యాద ఎక్కువ, పట్టుదల తక్కువ. రెండూ వ్యాకరణ రీత్యా సరైనవే. కానీ ఒకటి రాయవలసిన చోట మరొకటి రాస్తే మీరు ఇవ్వదలచుకోని మాట ఇచ్చినవారవుతారు, లేదా గట్టిగా అడగవలసిన చోట మెత్తబడినవారవుతారు. ‘ఒకటో రకం, రెండో రకం’ అని మాత్రమే నేర్చుకున్న విద్యార్థికి ఈ ఎంపిక తన చేతిలో ఉందన్న సంగతే తెలియదు.

3.2 నిజమైన భూతకాలం వచ్చినప్పుడు

ఇఫ్ తరువాత వచ్చే భూతకాలం ప్రతిసారీ ఊహే అనుకోకూడదు. ఈ వాక్యం చూడండి: ‘ఇఫ్ హి పోస్టెడ్ ది అసైన్‌మెంట్ లాస్ట్ వీక్, దే మస్ట్ హావ్ రిసీవ్డ్ ఇట్.’ అతను పోయిన వారం అసైన్‌మెంట్ పోస్టు చేసి ఉంటే ఈపాటికి వాళ్ళకు అందే ఉంటుంది అని అర్థం. చేశాడో లేదో మాట్లాడేవారికి తెలియదు. ఇది తెరిచిన షరతే, అయితే గడిచిన కాలం గురించి. మూడు రకాల సూత్రంలో దీనికి చోటు లేదు. సూత్రాన్ని నమ్ముకున్న విద్యార్థి పోస్టెడ్ అనే రూపం చూడగానే ‘రెండో రకం’ అనుకొని ప్రధాన వాక్యంలో వుడ్ పెట్టేస్తాడు. వాక్యం అర్థం చెడిపోతుంది.

3.3 రెండు కాలాలు కలిసిన వాక్యాలు

ఇంటర్ తరువాత కుటుంబ పరిస్థితుల వల్ల చదువు ఆపేసి, ఎన్నో ఏళ్ళ తరువాత దూరవిద్యలో చేరినవారు మీలో చాలామంది ఉంటారు. అలాంటివారు తమ గురించి చెప్పుకోవలసి వస్తే అడిగేది ఇలాంటి వాక్యమే: ‘అప్పుడు చదువు ఆపకపోయి ఉంటే ఈపాటికి నేను టీచరుగా ఉండేవాణ్ణి.’ దీనికి ఇంగ్లీషు ఇలా ఉంటుంది:

‘ఇఫ్ ఐ హ్యాడ్ నాట్ స్టాప్డ్ మై స్టడీస్ దెన్, ఐ వుడ్ బి ఎ టీచర్ నౌ.’

ఇఫ్ ఉపవాక్యం గతం గురించి, ప్రధాన వాక్యం వర్తమానం గురించి. సూత్రం ప్రకారం ముందు భాగం మూడో రకం, వెనుక భాగం రెండో రకం. కాబట్టి సూత్రాన్ని అక్షరాలా పాటించే విద్యార్థి ‘వుడ్ హావ్ బీన్’ అని దిద్దుకుంటాడు. అప్పుడు ఆ టీచరు ఉద్యోగం కూడా గతానికి చెందినదిగా వినిపిస్తుంది. తాను చెప్పదలచుకున్నది ఈనాటి లోటు గురించి. సూత్రం దాన్ని గడిచిపోయిన కథగా మార్చేస్తుంది.

దీనికి తిరగబడిన వాక్యం కూడా ఉంది: ‘ఇఫ్ షి వర్ లేజీ, షి వుడ్ నాట్ హావ్ ఫినిష్డ్ ది కోర్స్ లాస్ట్ ఇయర్.’ ఆమె స్వభావంలో సోమరితనం లేదు అన్నది ఎప్పటికీ వర్తించే విషయం, కోర్సు పూర్తిచేయడం గడిచిన విషయం. ఇటువంటి వాక్యాలను కొన్ని పుస్తకాలు ‘మిక్స్‌డ్’ అనే పేరుతో చివర్లో ఒక మినహాయింపుగా చూపిస్తాయి. ఇవి మినహాయింపులు కావు. ప్రతి ఉపవాక్యమూ తన కాలాన్ని తాను ఎంచుకుంటుంది అన్నది అసలు నియమం. రెండు వైపులా ఒకే కాలం రావడం తరచుగా జరిగేది మాత్రమే.

3.4 ‘ఇఫ్ తరువాత విల్ రాకూడదు’

ఇది మరో ప్రసిద్ధ నియమం. సాధారణంగా ఇది నిజం. రేపటి వాన గురించి చెప్పేటప్పుడు ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనరు, ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అంటారు. కానీ విల్ అనే మాటకు భవిష్యత్తుతో పాటు ‘ఇష్టపడు’, ‘సమ్మతించు’ అనే అర్థం కూడా ఉంది. ‘ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్, ఐ విల్ కాల్ ది ఆఫీసర్’ అన్నప్పుడు ‘దయచేసి ఒక్క నిమిషం ఆగితే’ అని భావం. ఇది సరైన, మర్యాదైన వాక్యం. అయితే ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ సంగతి వేరు. ఇది అమెరికన్ల సంభాషణలో వినిపిస్తుంది గాని రాతలో ప్రామాణికంగా అంగీకరించరు. మీరు ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్’ అనే రాయాలి.

4. తెలుగు మనకు ఏమి నేర్పుతుంది?

మూడు రకాల సూత్రంపై అతి ముఖ్యమైన విమర్శ ఇది: విద్యార్థి తన భాషలో ఇప్పటికే చేస్తున్న పనిని ఆ సూత్రం పట్టించుకోదు.

వచ్చితే, వస్తే, చేస్తే, తింటే వంటి రూపాలను మన వ్యాకరణంలో చేదర్థకం అంటారు. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’, ‘అయినట్లైతే’ అని అర్థం. ఇప్పుడు ఈ రెండు వాక్యాలను పోల్చండి.

(అ) వాన కురిస్తే పంట పండుతుంది.
(ఆ) వాన కురిస్తే పంట పండేది.

రెండింటిలోనూ ‘కురిస్తే’ ఒకటే. మారినది చివరి క్రియ. ‘పండుతుంది’ అన్నప్పుడు వాన కురిసే అవకాశం తెరిచి ఉంది. ‘పండేది’ అన్నప్పుడు వాన కురవలేదని వినేవారికి వెంటనే తెలుస్తుంది. అంటే తెరిచిన షరతుకూ దూరపు షరతుకూ ఉన్న తేడా తెలుగువారికి కొత్త కాదు. దాన్ని మనం వాక్యం చివర చెబుతాం. ఇంగ్లీషు రెండు చోట్లా చెబుతుంది: ఇఫ్ ఉపవాక్యంలో ఒకసారి, ప్రధాన వాక్యంలో మరోసారి.

మొదట్లో చూసిన ‘ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ వుడ్ బై ఇట్’ అనే పొరపాటు ఎలా పుడుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. ‘డబ్బుంటే కొనేవాణ్ణి’ అనే వాక్యంలో ‘ఉంటే’ మారలేదు, ‘కొనేవాణ్ణి’ మారింది. విద్యార్థి అదే పద్ధతిలో ప్రధాన వాక్యంలో మాత్రం వుడ్ పెట్టి, ఇఫ్ ఉపవాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తాడు. ఇది తెలివితక్కువ పొరపాటు కాదు, ఒక భాష తర్కాన్ని మరో భాషలోకి తీసుకుపోవడం. కారణం తెలిస్తే దిద్దుకోవడం సులువు.

ఇంకో తేడా కూడా ఉంది.

(ఇ) ఇప్పుడు నా దగ్గర డబ్బుంటే ఆ ఇల్లు కొనేవాణ్ణి.
(ఈ) అప్పుడు నా దగ్గర డబ్బుంటే ఆ ఇల్లు కొనేవాణ్ణి.

తెలుగులో క్రియలు రెండు వాక్యాలలోనూ ఒకటే. కాలాన్ని ‘ఇప్పుడు’, ‘అప్పుడు’ అనే మాటలు, సందర్భం చెబుతున్నాయి. స్పష్టత కావాలంటే రెండోదాన్ని ‘ఉండి ఉంటే కొని ఉండేవాణ్ణి’ అనవచ్చు గాని, అలా అనక తప్పదని లేదు. ఇంగ్లీషులో మాత్రం ఈ ఎంపిక తప్పనిసరి. మొదటిది ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై’, రెండోది ‘ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్’. హ్యాడ్ రెండుసార్లు రావడం చూసి అచ్చుతప్పు అనుకోకండి. మొదటి హ్యాడ్ సహాయక క్రియ, రెండోది ‘కలిగి ఉండు’ అనే అసలు క్రియ.

ఒక పోలికను కూడా గమనించండి. ‘వాడు రోజూ మా ఇంటికి వచ్చేవాడు’ అన్నప్పుడు ‘వచ్చేవాడు’ గతంలోని అలవాటు. ‘పిలిస్తే వచ్చేవాడు’ అన్నప్పుడు అదే రూపం జరగని సంగతిని తెలుపుతుంది. ఇంగ్లీషులో వుడ్ సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. ‘హి వుడ్ కమ్ ఎవ్రీ ఈవెనింగ్’ అంటే రోజూ సాయంత్రం వచ్చేవాడు. ‘హి వుడ్ కమ్ ఇఫ్ యు ఇన్వైటెడ్ హిమ్’ అంటే ఊహ. సంస్కృతంలో పాణిని చెప్పిన లృఙ్ లకారం కూడా జరగకుండా పోయిన క్రియను తెలుపుతుంది. ఆ రూపంలో భవిష్యత్తును తెలిపే అంగానికి భూతకాలంలో వచ్చే ‘అ’కారం ముందు చేరుతుంది. ఇంగ్లీషు వుడ్ కూడా విల్ అనే మాటకు భూతరూపమే. జరగనిదాన్ని చెప్పడానికి భూతకాలాన్ని ఆశ్రయించడం ఇంగ్లీషు ఒక్కదాని వింత కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ సంగతి ముందే చెప్పి పాఠం మొదలుపెడితే ‘రెండో రకం’ కంఠస్థం చేయవలసిన మంత్రంలా కనిపించదు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1

1. ‘నువ్వు చెబితే వాడు వినేవాడు’ అనే వాక్యం నిన్నటి సంగతి గురించి అయితే ఇంగ్లీషులో ఎలా రాస్తారు?
2. ‘నువ్వు చెబితే వాడు వింటాడు’ అనే వాక్యంతో దానికి ఉన్న తేడా ఏమిటి?

5. వాజ్ లేక వర్?

పాత ఇంగ్లీషులో సబ్జంక్టివ్‌కు ప్రత్యేకమైన క్రియాంత ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో పదాంతాలు అరిగిపోవడంతో అవి మామూలు రూపాలలో కలిసిపోయాయి. ఇప్పుడు స్పష్టంగా కనిపించే ఆనవాళ్ళు కొద్దే: ఐ, హి, షి, ఇట్ లతో వాజ్‌కు బదులు వర్ రావడం, ప్రథమ పురుష ఏకవచనంలో క్రియకు ‘ఎస్’ చేరకపోవడం, యామ్, ఈజ్, ఆర్ లకు బదులు ‘బి’ రావడం.

ఈ మిగులును ఎలా చూడాలన్న విషయంలో వ్యాకర్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లీషు వాడుకపై 1926లో ప్రామాణిక నిఘంటువు వెలువరించిన ఫౌలర్ సబ్జంక్టివ్‌ను, కొన్ని ప్రయోగాలను మినహాయించి, దాదాపు అంతరిస్తున్నదిగానే భావించాడు. మరోవైపు ‘ఇఫ్ ఐ వాజ్’ అనడమే అపరాధం అని బోధించే సంప్రదాయం ఉంది. మన పాఠశాలల్లో ఎక్కువగా వినిపించేది ఈ రెండోదే.

రెండు వైఖరులూ విద్యార్థికి పూర్తిగా ఉపయోగపడవు. ఊహాత్మక షరతులో ‘ఇఫ్ ఐ వాజ్ రిచ్’ అని ఇంగ్లీషువారు సంభాషణలో విరివిగా అంటారు. అది తప్పు అనడం వాస్తవానికి విరుద్ధం. అయితే పరీక్షలోను, అధికారిక రాతలోను ‘ఇఫ్ ఐ వర్ రిచ్’ అనేదే మంచిది. ‘ఇఫ్ ఐ వర్ యూ’ వంటి స్థిరపడిన ప్రయోగంలో వర్‌నే వాడండి. ‘నేనే నీ స్థానంలో ఉంటే’ అని మనం సలహా చెప్పేటప్పుడు వాడే మాట ఇదే.

అసలు ప్రమాదం వేరే ఉంది. ‘ఇఫ్ తరువాత ఎప్పుడూ వర్’ అని నేర్చుకున్నవారు వర్ రాకూడని చోట కూడా దాన్ని పెడతారు. ‘నిన్న నేను దురుసుగా మాట్లాడి ఉంటే క్షమించండి’ అనడానికి సరైన వాక్యం ‘ఇఫ్ ఐ వాజ్ రూడ్ యెస్టర్డే, ఐ యామ్ సారీ’. ఇది నిజంగా జరిగి ఉండవచ్చునని మాట్లాడేవారు ఒప్పుకుంటున్నారు. ఇక్కడ వర్ పెడితే ‘నేను దురుసుగా మాట్లాడలేదు గాని’ అనే ఛాయ వస్తుంది. క్షమాపణ చెప్పబోయి, క్షమాపణ అవసరం లేదన్నట్టు చెప్పినవారవుతారు. కాబట్టి వర్ వాడాలా వద్దా అన్నది ఇఫ్ అనే మాటను బట్టి తేలదు. విషయం వాస్తవమయ్యే అవకాశం ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

6. అధికార లేఖల్లో బతికే ఉన్న సబ్జంక్టివ్

సబ్జంక్టివ్ దాదాపు పోయింది అనే మాటను యథాతథంగా తీసుకున్న పుస్తకాలు విద్యార్థికి మరో విధంగా అన్యాయం చేస్తాయి. ఎందుకంటే మీరు ఉద్యోగంలో చదవవలసిన, రాయవలసిన ఇంగ్లీషులో అది ఇప్పటికీ కనిపిస్తుంది. ‘ది కమిటీ రికమెండ్స్ దట్ ది ఫీ బి రెడ్యూస్డ్.’ ‘ఐ రిక్వెస్ట్ దట్ లీవ్ బి గ్రాంటెడ్.’ సభల్లో తీర్మానాలు ప్రతిపాదించేటప్పుడు ‘ఐ మూవ్ దట్ ది మీటింగ్ బి అడ్జర్న్డ్’ అంటారు. సూచన, కోరిక, ఆదేశం తెలిపే క్రియల తరువాత వచ్చే ఈ రూపాన్ని మ్యాండేటివ్ సబ్జంక్టివ్ అంటారు. అమెరికన్ ఇంగ్లీషులో దీని వాడకం ఎక్కువ. బ్రిటిష్ ఇంగ్లీషులో దీనికి బదులు ‘షుడ్’ చేర్చి ‘దట్ ది ఫీ షుడ్ బి రెడ్యూస్డ్’ అనడం కూడా మామూలే. రెండూ సరైనవే.

ఈ రూపం అర్థాన్ని ఎలా మారుస్తుందో చూడండి.

(అ) ‘ది టీచర్ ఇన్సిస్టెడ్ దట్ హి అటెండ్ ది క్లాస్.’
(ఆ) ‘ది టీచర్ ఇన్సిస్టెడ్ దట్ హి అటెండెడ్ ది క్లాస్.’

మొదటిదానికి అర్థం: అతను తరగతికి హాజరు కావాలని టీచరు పట్టుబట్టారు. రెండోదానికి సాధారణంగా తోచే అర్థం: అతను తరగతికి హాజరయ్యాడని టీచరు గట్టిగా చెప్పారు. ఒకటి ఆదేశం, మరొకటి సాక్ష్యం. తెలుగులో ‘కావాలని’, ‘అయ్యాడని’ అనే రూపాలు చేసే పనిని ఇంగ్లీషులో క్రియాంతంలోని చిన్న మార్పు చేస్తోంది. హాజరు విషయమై విచారణ జరుగుతున్నప్పుడు ఇలాంటి వాక్యాన్ని తప్పుగా చదివితే మనిషికి నష్టం జరుగుతుంది.

వీటితోపాటు ‘గాడ్ బ్లెస్ యూ’, ‘కమ్ వాట్ మే’, ‘బి దట్ యాజ్ ఇట్ మే’ వంటి స్థిరపడిన పదబంధాలలో పాత సబ్జంక్టివ్ నిలిచి ఉంది. వీటిని విడదీసి విశ్లేషించనవసరం లేదు, మొత్తంగా నేర్చుకుంటే చాలు.

కోరికను తెలిపే విష్ తరువాత కూడా పైన చెప్పిన ఊహాత్మక భూతకాలమే వస్తుంది. ‘నాకు ఇంగ్లీషు వస్తే బాగుండు’ అంటే ‘ఐ విష్ ఐ న్యూ ఇంగ్లీష్’. ‘ఆ సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేది’ అంటే ‘ఐ విష్ ఐ హ్యాడ్ నోన్ ఇట్ ఎర్లియర్’. తెలుగులోని ‘బాగుండు’, ‘బాగుండేది’ తేడాను గుర్తుపెట్టుకుంటే న్యూ, హ్యాడ్ నోన్ అనే రూపాల తేడా వెంటనే స్ఫురిస్తుంది.

7. మూడు రకాలకు బదులు రెండు ప్రశ్నలు

ఇంతవరకు చేసిన విమర్శ నుంచి ఒక పద్ధతిని రూపొందించుకోవచ్చు. షరతు వాక్యం రాసే ముందు ‘ఇది ఎన్నో రకం?’ అని కాకుండా ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి.

మొదటి ప్రశ్న: దీన్ని నేను జరగగలిగినదిగా చెబుతున్నానా, వాస్తవానికి దూరమైనదిగా చెబుతున్నానా?

రెండో ప్రశ్న: ఇఫ్ ఉపవాక్యం ఏ కాలం గురించి? ప్రధాన వాక్యం ఏ కాలం గురించి?

జరగగలిగినదైతే ఏ కాలానికి ఆ కాలపు రూపమే వాడండి. ఒక్క భవిష్యత్తుకు మాత్రం ఇఫ్ ఉపవాక్యంలో సాధారణంగా వర్తమానకాలం వస్తుంది. వాస్తవానికి దూరమైనదైతే ఒక్క అడుగు వెనక్కి వేయండి. ఇప్పటి సంగతికి, రాబోయే సంగతికి భూతకాలం. గడిచిన సంగతికి పాస్ట్ పర్ఫెక్ట్. ప్రధాన వాక్యంలో ఇప్పటి సంగతికి వుడ్, గడిచిన సంగతికి వుడ్ హావ్. రెండు ఉపవాక్యాల కాలాలు వేరైతే దేనికి తగిన రూపం దానికి ఇవ్వండి.

ఇఫ్ లేకుండా కూడా షరతు చెప్పవచ్చు. ‘హ్యాడ్ ఐ నోన్’ అంటే ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్’ అనే అర్థం. ‘షుడ్ యు నీడ్ హెల్ప్’ అంటే ‘మీకు సహాయం అవసరమైతే’ అని. ఉత్తరాలలో, ఒప్పంద పత్రాలలో ఇవి తరచుగా కనిపిస్తాయి. వీటిని ప్రశ్నలుగా పొరబడవద్దు.

ఈ పద్ధతికీ పరిమితులు ఉన్నాయి. మాట్లాడేవారి ఉద్దేశం తెలియనిదే మొదటి ప్రశ్నకు జవాబు దొరకదు. పరీక్షలో ‘ఇఫ్ హి – (కమ్), ఐ – (టెల్) హిమ్’ అని సందర్భం లేకుండా ఇస్తే కనీసం మూడు సరైన సమాధానాలు ఉంటాయి. మూడు రకాల సూత్రం ఈ ఇబ్బందిని పరిష్కరించదు, కనిపించకుండా చేస్తుంది. అటువంటి ప్రశ్నలో లోపం విద్యార్థిది కాదు, ప్రశ్న తయారుచేసినవారిది. అయినా పరీక్ష రాసేవారు మీరే కాబట్టి, ఇచ్చిన వాక్యంలో యెస్టర్డే, నౌ, టుమారో వంటి కాలవాచకాలు గాని, విల్, వుడ్, వుడ్ హావ్ లలో ఏదైనా గాని ఉందేమో ముందుగా వెతకండి. అదే మీకు ఆధారం. గైడ్లలోని సూత్రాన్ని పారవేయనక్కరలేదు. దాన్ని తరచుగా కనిపించే మూడు కలయికల పట్టికగా ఉంచుకోండి, భాష అంతా అందులోనే ఉందని మాత్రం అనుకోకండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2

3. ‘ఆ రోజు బస్సు దొరికి ఉంటే ఇప్పుడు నేను హైదరాబాదులో ఉండేవాణ్ణి’ – ఇంగ్లీషులో రాయండి.
4. ‘ఇఫ్ ది లెటర్ కేమ్ యెస్టర్డే, ఇట్ ఈజ్ ఆన్ ది టేబుల్’ – ఇందులో కేమ్ నిజమైన భూతకాలమా, ఊహాత్మక భూతకాలమా?

సమాధానాలు

1. ‘ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ హిమ్, హి వుడ్ హావ్ లిజన్డ్.’
2. ‘వినేవాడు’ అన్నప్పుడు నువ్వు చెప్పలేదు, వాడు వినలేదు. ‘వింటాడు’ అన్నప్పుడు చెప్పే అవకాశం ఇంకా ఉంది.
3. ‘ఇఫ్ ఐ హ్యాడ్ గాట్ ది బస్ దట్ డే, ఐ వుడ్ బి ఇన్ హైదరాబాద్ నౌ.’
4. నిజమైన భూతకాలం. ఉత్తరం వచ్చిందో లేదో తెలియదు, వచ్చి ఉండే అవకాశం ఉంది. ప్రధాన వాక్యంలో వుడ్ లేకపోవడం దీనికి ఆధారం.

8. సారాంశం

మూడు రకాల సూత్రం షరతు వాక్యాల బాహ్యరూపాన్ని చూపిస్తుంది, కారణాన్ని చూపించదు. ఇంగ్లీషులో భూతకాల రూపం గడిచిన కాలాన్ని మాత్రమే కాక వాస్తవానికి దూరాన్ని కూడా తెలుపుతుంది. తెలుగు ఈ దూరాన్ని వాక్యం చివరి క్రియలో చెబుతుంది, ఇంగ్లీషు రెండు ఉపవాక్యాలలోనూ చెబుతుంది. మనవారి పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ తేడాలో ఉంది. వర్ అనేది ఇఫ్ వెంట యాంత్రికంగా వచ్చేది కాదు, ఊహ వెంట వచ్చేది. సూచన, ఆదేశం తెలిపే వాక్యాలలో సబ్జంక్టివ్ ఇప్పటికీ జీవించే ఉంది. ‘పండుతుంది’, ‘పండేది’ అనే మాటల మధ్య తేడా మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇంగ్లీషు షరతు వాక్యం రాసేటప్పుడు ఆ తెలివినే వాడుకోండి.

9. నమూనా పరీక్ష ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. షరతు వాక్యాల బోధనలో ‘మూడు రకాల’ సూత్రాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. తెలుగు చేదర్థక వాక్యాలను, ఇంగ్లీషు షరతు వాక్యాలను సోదాహరణంగా పోల్చండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. తెరిచిన షరతు, దూరపు షరతు – తేడాను వివరించండి.
2. మ్యాండేటివ్ సబ్జంక్టివ్ అంటే ఏమిటి? రెండు ఉదాహరణలు ఇవ్వండి.
3. ‘ఇఫ్ తరువాత ఎప్పుడూ వర్ రావాలి’ అనే అభిప్రాయం సరైనదేనా? చర్చించండి.